విత్తనం ఒక్క ఇంట్ల పెడ్తరా?

పోయిన సంక్రాంతి సెలవులకు మా అమ్మాయికి సాంఘికశాస్త్రంలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళు పండించిన పాత పంటల గురించి అడిగి రాసుకోవాలి, ఫొటోలు తీసి ఆల్బమ్ చేయాలి. తను ఎనిమిదో తరగతి. జహీరాబాద్ పిల్లలకు ఇంతకన్నా తగిన ప్రాజెక్టు ఉంటుందని నేననుకోను. మన చుట్టుపక్కల ఎర్రనేలల్లో ఒకే చేలో పది రకాల పంటలు కలిపి వేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా తిరగడం మీలో చాలామంది చూసే ఉంటారు.

ఫోన్‌తో తీస్తే చదువు మానేసి ఆటలు ఆడుతుందని, బీరువాలో ఉన్న పాత డిజిటల్ కెమెరా తీసి ఇచ్చాను. అమ్మాయి పుట్టినప్పుడు కొన్నది. అందులో 8 జీబీ మెమరీ కార్డు ఉంది. మా ఊరు ఝరాసంగం దగ్గర. మా అమ్మ అక్కడే ఉంటుంది. ఇప్పటికీ కంది, పచ్చజొన్న, కొర్ర, సామ, తైద విత్తనాలు తనే దాస్తుంది. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో పోసి, పైన మట్టి, పేడ కలిపి మెత్తుతుంది.

వెళ్ళేముందు అమ్మాయికి ఒక్క మాట చెప్పాను. మనకు పక్కనే ఉన్న పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్ళు 1990లలోనే వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వాళ్ళలో చాలామందికి బడి చదువు లేదు. అయినా తమ పంటల మీద తామే సినిమాలు తీశారు. 2008 అక్టోబర్ 15న మాచనూర్‌లో సంఘం రేడియో మొదలుపెట్టారు. ఎదుటి మనిషి కంటికి సమానంగా కెమెరా పెట్టి తీసే షాట్‌కు వాళ్ళు పెట్టుకున్న పేరు 'సంఘం షాట్'. సంఘంలో అందరూ సమానమే కదా, అందుకని. "నువ్వు కూడా నానమ్మ ముందు కింద కూర్చుని తియ్యి బిడ్డా" అన్నాను.

అది బాగా పట్టుకుంది. రెండు రోజుల్లో 143 ఫొటోలు తీసింది. నానమ్మ చేతులు, చాటలో కొర్రలు, బుట్ట మీద మట్టి మెత్తడం, అన్నీ. ఒక ఫొటోలో మా అమ్మ నోరు తెరిచి నవ్వుతోంది. కెమెరా ముందు ఆమె నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. మా దగ్గర ఆమెవి ఉన్నవే రెండు ఫొటోలు. ఒకటి ఆధార్ కార్డు మీదది, ఇంకోటి పింఛను పుస్తకం మీదది.

ఇంటికి వచ్చిన సాయంత్రం కార్డును రీడర్‌లో పెట్టి లాప్‌టాప్‌కు తగిలించాను. ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి 'కట్' నొక్కి, లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్ తెరిచి 'పేస్ట్' నొక్కాను. అవి ఒక్కొక్కటిగా వస్తుండగా బజారులో పని గుర్తొచ్చింది. మిగతావి రాత్రి చూద్దాంలే అని కార్డు లాగేసి బయటికి వెళ్ళిపోయాను.

రాత్రి అమ్మాయి ఆల్బమ్ మొదలుపెడదామని కార్డు పెట్టింది. 'ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?' అని కంప్యూటర్ అడిగింది. ఏమీ నొక్కకుండా నన్ను పిలిచింది. నేను వచ్చి చూసి అడిగిన మొదటి మాట ఇది: "ఏం నొక్కినవ్? ఏం చేసినవ్ దాన్ని?"

"నేనేం చెయ్యలే డాడీ."

"చెయ్యకుంటె ఎట్ల పోతయ్?"

ఆ తర్వాత రెండు రోజులు అది కెమెరా ముట్టుకోలేదు. రెండో రోజు రాత్రి వాళ్ళ అమ్మతో అంటుంటే విన్నాను: "నేనే ఏదో నొక్కి ఉంటా మమ్మీ." చేయని తప్పును పిల్ల తన మీద వేసుకుంది. అప్పటికే నాకు లోపల అనుమానం ఉంది. కానీ నోరు తెరవలేదు.

మూడో రోజు కార్డు తీసుకుని బజారులో ఒక ఫొటో స్టూడియోకు వెళ్ళాను. అతను వరుసగా మూడు ప్రశ్నలు అడిగాడు.

"అన్నా, దీంట్ల మళ్ళ ఫొటోలు తీసిండ్రా?"

"లేదు."

"ఫార్మాట్ నొక్కిండ్రా?"

"లేదు. మా అమ్మాయి నొక్కలేదు."

"మంచి పని చేసింది పాప. మరి ఫొటోలు ఎక్కుతుంటె కార్డు గుంజింది ఎవరు?"

నేను మాట్లాడలేదు. అతను మళ్ళీ అడగలేదు.

అతను చెప్పింది, తర్వాత నేను తెలుసుకున్నది మన భాషలో చెబుతాను. మెమరీ కార్డు ఒక తరగతి గది లాంటిది. ఫొటోలు బెంచీల మీద కూర్చున్న పిల్లలు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో రాసి ఉండే హాజరు పట్టీ ఒకటి వేరేగా ఉంటుంది. ఫొటోలు ఎక్కుతున్నప్పుడు ఆ పట్టీలో రాయడం, కొట్టేయడం జరుగుతూనే ఉంటుంది. మధ్యలో కార్డు లాగితే పట్టీ చెడిపోవచ్చు. అప్పుడు కంప్యూటర్‌కు గది ఖాళీగా కనబడుతుంది. పిల్లలు మాత్రం ఇంకా బెంచీల మీదే ఉంటారు. మనం డిలీట్ కొట్టినా సాధారణంగా జరిగేది అంతే, పట్టీలో పేరు పోతుంది. కొత్త ఫొటోలు తీస్తేనే అవి వచ్చి పాతవాళ్ళ బెంచీల్లో కూర్చుంటాయి. ఇక పాతవి దొరకవు. అతని మొదటి ప్రశ్న అందుకే.

ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది పట్టీని నమ్ముకోదు. ప్రతి జేపెగ్ ఫొటో ఒకే రకమైన గుర్తుతో మొదలవుతుంది. ఆ గుర్తును వెతుక్కుంటూ బెంచీ బెంచీ తిరుగుతుంది. మా 143 ఫొటోల్లో 22 ముందే లాప్‌టాప్‌లోకి వచ్చాయి. కార్డులోంచి 109 బాగానే దొరికాయి, పాత పేర్లు మాత్రం పోయాయి. మిగిలిన 12 దెబ్బతిన్నాయి. ఒక ఫొటో ముక్కలు కార్డులో వేర్వేరు చోట్ల ఉంటే వాటిని కలిపే దారి ఆ పట్టీలోనే ఉంటుంది. అది లేక కొన్ని సగమే తెరుచుకున్నాయి. మా అమ్మ నవ్విన ఫొటో అందులో ఒకటి. నుదురు, కళ్ళు ఉన్నాయి. కింద అంతా బూడిద రంగు.

ఆ రోజు ఇంటికి వెళ్ళి అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పాను. "కార్డు గుంజింది నేను. నువ్వేం చెయ్యలే. నువ్వు ఫార్మాట్ నొక్కకపోబట్టే ఇన్ని దొరికినయ్. నాకు ముందే అనుమానం ఉండె, అయినా చెప్పలే." అది చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది: "మరి అప్పుడే ఎందుకు చెప్పలే?" నా దగ్గర జవాబు లేదు. మార్కులు తగ్గితే దాచొద్దు, నిజం చెప్పు అని ప్రతి నెలా దానికి చెప్పేది నేనే.

మరుసటి ఆదివారం ఇద్దరం ఊరికి వెళ్ళాం. జరిగింది విని మా అమ్మ అడిగింది: "అన్నీ ఒక్కదాంట్లనే పెట్టిండ్రా కొడుకా? విత్తనం ఒక్క ఇంట్ల పెడ్తరా?"

ఆమె లెక్క చాలా పాతది. విత్తనాలు తన దగ్గర కొన్ని, చెల్లెలి ఇంట్లో కొన్ని ఉంటాయి. ఒక ఇంట్లో పురుగు పడితే ఇంకో ఇంటి నుంచి తెచ్చుకుంటారు. సంఘాల విత్తన బ్యాంకుల పద్ధతి కూడా అలాంటిదే. విత్తనం తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక తీసుకున్నదానికన్నా ఎక్కువ తిరిగి ఇస్తారు. విత్తనం చేతులు మారుతూ నాలుగు ఇళ్ళలో ఉంటుంది. కంప్యూటర్ తెలిసినవాళ్ళు కూడా ఇదే చెబుతారు: ముఖ్యమైనది ఏదైనా మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. 'కట్' నొక్కం, 'కాపీ' మాత్రమే. కార్డులో ఎన్ని ఉన్నాయో, లాప్‌టాప్‌లోకి ఎన్ని వచ్చాయో లెక్క చూస్తాం. నాలుగైదు ఫొటోలు తెరిచి చూస్తాం. 'ఎజెక్ట్' నొక్కాకే కార్డు తీస్తాం. తర్వాత ఒక హార్డ్ డిస్క్‌లోకి, ఊళ్ళో తమ్ముడి దగ్గర ఉంచిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాం. అంతా అయ్యాకే కార్డును కెమెరాలో పెట్టి అందులోనే ఫార్మాట్ చేస్తాం. బయటికి తీసిన కార్డుకు పక్కనున్న చిన్న లాక్ కిందికి జరుపుతాం. అప్పుడు కంప్యూటర్‌లో పొరపాటున ఏదైనా నొక్కినా చెరిగిపోయే భయం తక్కువ.

ఇంకో రెండు సంగతులు. 32 జీబీ దాటిన కార్డులను పాత రీడర్లు కొన్ని గుర్తుపట్టవు, ఫార్మాట్ చేయమని అడుగుతాయి. అప్పుడు 'నో' అని, వేరే రీడర్‌లో పెట్టి చూడండి. వాట్సాప్‌లో పంపాం కదా, అదే కాపీ అనుకోకండి. మామూలుగా పంపితే ఫొటో సైజు బాగా తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితేనే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

అమ్మాయి ఆల్బమ్ చేసి ఇచ్చింది. సగం ఫొటోను తీసేయమన్నాను, ఒప్పుకోలేదు. చివరి పేజీలో అతికించి కింద రాసింది: 'ఇది నానమ్మ నవ్వు. మా నాన్న కార్డు తొందరగా తీశాడు. మళ్ళీ తీస్తాను.' టీచర్ దాని పక్కన ఒక టిక్ పెట్టారు. పేరెంట్స్ మీటింగ్‌లో ఆ పేజీ నాకు చూపించి నవ్వారు. నాకు సిగ్గేసింది కానీ, దాచి ఉంచిన ఆ రెండు రోజుల కన్నా ఇదే తేలికగా ఉంది.

ఆదివారాలు ఊరికి వెళ్ళినప్పుడల్లా అమ్మాయి కెమెరా పట్టుకుని నానమ్మ ముందు నేల మీద కూర్చుంటోంది. ఆ నవ్వు ఇంకా దొరకలేదు. దొరికిన రోజు కార్డు మాత్రం తనే తీస్తానంది.