తోడు నిలుచువాడే నాయకుడు

మా దేవాలయ ప్రాకారమునకు ఆవల ఒక క్రీడాస్థలమున్నది. సాయంకాలార్చనకు ముందు అచ్చట బాలురు కబడ్డీ ఆడుచుందురు. ఒకనాటి పోటీలో చివరి కూతకు వెళ్ళిన బాలుడు పట్టుబడెను, జట్టు ఓడిపోయెను. అతడు తల వంచుకొని మధ్యరేఖ వద్దనే కూర్చుండిపోయెను. వ్యాయామోపాధ్యాయుడు అతనిని మందలింపలేదు. భుజము తట్టి ఊరకుండెను. అది చూచిన జట్టు నాయకుడు దగ్గరకు పోయి, చేయి అందించి, "లేరా, రేపు మొదటి కూత నీదే" అనెను. మిగిలినవారును అతని చుట్టూ చేరిరి.

ఆ దృశ్యము నన్ను ఇరువది సంవత్సరముల వెనుకకు కొనిపోయినది. నాడు వేదపాఠశాలలో సంథ చెప్పుచుండగా ఒక విద్యార్థి స్వరము తప్పెను. అందరి ఎదుట అతనిని పరిహసించితిని. నేను నవ్వితిని గనుకనే సహాధ్యాయులును నవ్విరి. మరుసటి మాసమున ఇంటికి వెళ్ళిన ఆ బాలుడు మరల రాలేదు. స్వరదోషము అతనిది, అంతకంటె పెద్ద దోషము నాది.

శ్రేష్ఠుని ఆచరణమునే లోకము అనుసరించునని గీతాచార్యుడు తృతీయాధ్యాయమున ఉపదేశించెను. ఆ శ్లోకమును ఎన్ని పర్యాయములు పారాయణము చేసితినో! దాని భావము మాత్రము ఆ క్రీడాస్థలముననే నాకు బోధపడినది.

కబడ్డీలో ఒక నియమమున్నది. ఏడుగురిలో ఒకడు అవుటై వెలుపల కూర్చున్నచో, తోటివారు ప్రత్యర్థిని అవుట్ చేసినప్పుడే అతడు మరల బరిలోనికి వచ్చును. తనంత తాను రాలేడు. గురువు బరికి ఆవలనే నిలువవలసినవాడు. పడినవానిని లోనికి తెచ్చుకొనవలసినవారు సహచరులే. అయితే ఆ స్వభావము వారికి గురువు నడవడి వలననే అలవడును.

2018లో అండర్-19 క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన మన జట్టుకు రాహుల్ ద్రావిడ్ శిక్షకుడు. బోర్డు ఆయనకు 50 లక్షల రూపాయలు, సహాయక సిబ్బందికి తలకు 20 లక్షలు ప్రకటించినది. అందరికిని సమానముగా ఇయ్యవలెనని ఆయన కోరగా, చివరకు ఆయనతో సహా అందరికిని 25 లక్షలే నిర్ణయింపబడినవి. తన భాగము తగ్గించుకొనిన గురువును చూచిన బాలురకు వేరుగా ఉపన్యాసమేల?

ఇప్పుడు సంథలో ఎవరైనను తడబడినచో, ప్రక్కనున్న విద్యార్థితో "తోడుగా చెప్పు నాయనా" అనుచున్నాను. ఇద్దరి కంఠములు కలిసినప్పుడు స్వరము మెల్లగా సర్దుకొనును. వెళ్ళిపోయిన ఆ బాలుని పేరును మాత్రము ప్రతిదినము స్వామి సన్నిధిలో స్మరించుచున్నాను.

స్వస్తి.