తాడు మీద పుస్తకాలు

ఒకటో తరగతి పిల్లల బొమ్మల పుస్తకాన్ని బీరువాలో నిలబెట్టి చూడండి, నిలబడదు. పదహారో ఇరవైనాలుగో పేజీలు, మధ్యలో రెండు పిన్నులు. పక్కన పేరు అచ్చువేసేంత మందం ఎక్కడిది? లైబ్రరీ పద్ధతులన్నీ పుస్తకానికి స్పైన్ ఉంటుందన్న భరోసా మీద నడుస్తాయి: దాని మీద నంబరు చీటీ, ఆ నంబర్ల వరసలో అరలు. పసిపిల్లల పుస్తకానికి ఉన్నదల్లా ముఖమే. అందుకే కొన్ని బళ్లలో గోడ పొడుగునా తాడు కట్టి, పుస్తకాలను నడిమికి తెరిచి అట్టలు కనబడేలా వేస్తున్నారు. తాడు పిల్లల కళ్లకు అందే ఎత్తులో ఉండాలి. టీచరు ఎత్తులో కడితే అది తోరణమే.

లైబ్రరీ పీరియడ్‌లో మొదటి పాఠం ఆ అట్టే. కథ పేరు, రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు. మూడోది మనం తరచూ మింగేస్తాం. అక్షరం రాని పిల్ల చదువుతున్నది ఆ మూడో మనిషినే కదా! పేజీలో తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి, ఐదు వేళ్లూ ముడుచుకుపోతే ఆ పుస్తకం నీకు కష్టం అనే లెక్క ఒకటుంది. పెద్ద తరగతులకు పనికొస్తుందేమో గానీ బొమ్మల పుస్తకం దగ్గర దాన్ని నేను ఒప్పుకోను. పిడికిలి బిగిసినా బొమ్మలో కథ సాగుతూనే ఉంటుంది.

నియమాల బోర్డు కన్నా ఒక సింహం నయం. మిషెల్ నూడ్సెన్ రాయగా కెవిన్ హాక్స్ బొమ్మలు వేసిన ‘లైబ్రరీ లయన్’ 2006లో అమెరికాలో వచ్చింది. పరుగెత్తకూడదు, గర్జించకూడదు అన్న షరతులకు లోబడి ఓ సింహం రోజూ లైబ్రరీకి వస్తుంటుంది. ఒకరోజు లైబ్రేరియన్ కిందపడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, సాయం కోసం గర్జించక తప్పదు. నిశ్శబ్దం ఎందుకో, ఎప్పుడు అక్కర్లేదో ఒకే కథలో తేలిపోతుంది. పుస్తకం పిల్లల వైపు తిప్పి పట్టుకుని, తెలుగులో చెప్పుకుపోవడమే.

అసలు సరదా సర్దడంలో ఉంది. పుస్తకాలన్నీ చాప మీద పోసి, కలిసేవాటిని కుప్పలు పెట్టమనండి. జంతువులు, ఇల్లు, వాన, బడి... కాసేపు సజావుగానే సాగుతుంది. ఇంతలో బడికెళ్లిన ఏనుగు దొరుకుతుంది. దాన్ని ఏ కుప్పలో వెయ్యాలి? “ఏనుగు లేకపోతే కథే లేదు టీచర్” అని ఒకరు, “బడి లేకపోతే అదెక్కడికెళ్తుంది?” అని ఇంకొకరు. తొందరపడి తీర్పు చెప్పకండి. పెద్దవాళ్లకూ తెగని తగాదా అది. పుస్తకాల వర్గీకరణకు 1876లో అమెరికా లైబ్రేరియన్ డ్యూయీ వేసిన అంకెల లెక్కలో ఇప్పటికీ జానపద కథలుండేది సాహిత్యంలో కాదు, సామాజిక శాస్త్రాల కింద, 398లో. లెక్కల మాస్టారుగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయిన రంగనాథన్, ఒక పుస్తకంలోని వేర్వేరు కోణాలను కోలన్ గుర్తుతో కలిపే పద్ధతిని 1933లో అచ్చువేశారు. మన పిల్లల ముందుంటే ఏనుగు, కోలన్, బడి అని చీటీ రాసిచ్చేవారేమో! కుప్పకో రంగు చుక్క అంటించమంటే, వాళ్లే ఆలోచించి ఏనుగు పుస్తకానికి రెండు చుక్కలు పెడతారు.

ఇక ఇంటికివ్వడం. ఇష్యూ రిజిస్టర్‌లో పేరు, తేదీ పిల్లలతోనే రాయించాలి. అక్షరాలు గీత దాటినా సరే. పిల్లలు పోగొడతారని ఎవరూ అంతగా భయపడరు. స్టాక్ తనిఖీలో చిరిగిన పుస్తకానికి ఎవరు జవాబు చెప్పాలన్నదే దిగులు. ఆ దిగులుతోనే బీరువాకు తాళం పడుతుంది, పుస్తకాలు కొత్తగానే ముసలివైపోతాయి. స్టాక్ రిజిస్టర్‌లో ‘చదివి చిరిగినవి’ అని ఒక గడి గీస్తే చాలు. దానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు, ఒక స్కేలు, ఒక పెన్ను.