డైరెక్టరు లేని షూటింగు

వియత్నాంలో సముద్రం ఒడ్డున న్యాచాంగ్ అని ఒక అందమైన ఊరుంది. గుట్టమీద పో నగర్ గుడి. వెయ్యేళ్ల కిందట చాం రాజులు అక్కడ భగవతిని కొలిచారంటే, మనకి ఆ ఊరు మరీ పరాయిదనిపించదు. కానీ నేను చెప్పబోయేది గుడి కథ కాదు, ఆ ప్రాంతపు అడవిలో దాక్కున్న ఓ బుల్లి హీరో కథ!

పేరు వెండి వీపు మూషిక జింక. కుందేలంత ఉంటుంది, అయిదు కిలోలు కూడా తూగదు. కొమ్ముల్లేవు, చిన్న కోరలున్నాయి. ముందు సగం ఎర్రన, వెనక సగం వెండి బూడిద. గిట్టల కొసలమీద నడుస్తుంటే డాన్సు మాస్టరు నేర్పాడా అనిపిస్తుంది.

న్యాచాంగ్ దగ్గర దొరికిన నాలుగింటిని చూసి 1910లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ దీన్ని లోకానికి పరిచయం చేశాడు. తర్వాత 1990లో వేటగాడు చంపినది ఒకటి శాస్త్రజ్ఞుల చేతికొచ్చింది. ఆపైన పత్తా లేదు. అంతరించిపోయిందేమో అనుకున్నారు.

అన్ న్గుయెన్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన సహచరులు ముందుగా పల్లెవాళ్లనీ, ఫారెస్టు గార్డులనీ అడిగారు. "బూడిద రంగుదా? చూశాం" అన్నారు వాళ్లు! ఆ మాట పట్టుకుని 2017 నవంబరులో మూడు కెమెరాలు చెట్లకి కట్టారు. స్టార్ట్ అనేవాడు లేడు, కట్ అనేవాడు లేడు. వెచ్చటి ఒళ్లున్న జంతువు ఎదుట కదిలితే చాలు, కెమెరా దానంతటదే క్లిక్‌మంటుంది. అయిదు నెలల్లో 275 ఫొటోలు! తర్వాత 29 కెమెరాలు పెడితే 1,881 వచ్చాయి. ఇవి ఫొటోల లెక్కే సుమండీ, జింకల లెక్క కాదు. ఒక్కటే పదిసార్లు పోజిచ్చి ఉండొచ్చు. 2019 నవంబరులో ఈ కబురు ప్రపంచానికి తెలిసింది.

ఇంతకీ ఆ లొకేషనెక్కడ అంటారా? పరిశోధకులు చెప్పలేదు. చెబితే వేటగాళ్లకి దారి చూపినట్టే. అక్కడి అడవుల్లో తీగ ఉచ్చులు బోలెడు. ఉచ్చుకి జాతి భేదం లేదు, కాలు పడ్డదాన్నల్లా పట్టేస్తుంది. కెమెరా, ఉచ్చు రెండూ జంతువులు తిరిగే బాటలోనే కాచుకుంటాయి. ఒకటి బొమ్మ తీసుకుని వదిలేస్తుంది, రెండోది ప్రాణం తీస్తుంది.

దీని చుట్టం మన దగ్గరా ఉంది. హైదరాబాదు జూలో 2010 నుంచి మూషిక జింకల్ని పెంచి, కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు.

న్యాచాంగ్ వెళ్తే గుడి చూడండి, సముద్రం చూడండి. మన హీరో ఇంటి అడ్రసు మాత్రం అడక్కండి. ఆ రహస్యమే దానికి రక్ష!