పూదోటకు ముందుగా సిద్ధపడుట

వేసవి యాత్రకు సంక్రాంతికి ముందే విమానపు టిక్కెట్లు కొనువారిని చూచి, వీరి కింత తొందర యేల యని నవ్వువారు కలరు. ఒంటరిగా పోవువానికి ఈ తొందర యక్కరలేదు. సంచి భుజమున వేసికొని యే దినముననైనను కదలవచ్చును. బిడ్డలను, అత్తగారిని వెంటబెట్టుకొని సముద్రములు దాటదలచిన యిల్లాలి సంగతి వేరు. ఇంటివారందరికిని వీలైన దినములు ఏడాదిలో కొద్దియే. ఇందుకు నెదర్లాండ్సు దేశమునందలి క్యూకెన్‌హాఫ్ పూదోట మంచి నిదర్శనము.

ఈ తోట లిస్సె యను నూర నున్నది. 1950లో దీనిని ప్రజలకు తెరచిరి. విస్తీర్ణము 32 హెక్టారులు, అనగా సుమారు 80 ఎకరములు. ఏటేట శరత్కాలమున 70 లక్షల దుంపలను చేతులతో నాటుదురు. అందు ట్యూలిప్ పూవులదే ప్రాధాన్యము. ఒక జాతి వాడునప్పటికి వేరొకటి విచ్చునట్లు పొరలు పొరలుగా నాటుట వారి నేర్పు. ఇంత చేసినను తోట తెరచియుండునది మార్చి మూడవ వారము మొదలు మే రెండవ వారము వఱకు, ఎనిమిది వారములు మాత్రమే.

మన బడులకు వేసవి సెలవులు సాధారణముగా ఏప్రిల్ నాలుగవ వారమున మొదలగును. కావున పరీక్షలు ముగిసిన పిదప, తోట మూయకమునుపు మనకు మిగులునది రెండు వారముల పైచిలుకు. ఏప్రిల్ 27న ఆ దేశపు రాజుగారి జన్మదినోత్సవ మగుటచే ఆమ్‌స్టర్‌డామ్ వీధులు క్రిక్కిరిసియుండును. మన దేశపు కుటుంబములు పెక్కులు ఆ సెలవులలోనే బయలుదేరును గాన ధరలు పెరుగుటలో వింత లేదు.

మేము పోయిన యేట మా అత్తగారిని తీసికొనిపోతిమి. ఇంట బంతి, చేమంతి మళ్లు పెంచిన యామె ఒక్కొక్క మడియొద్ద నిలిచి, నీరెట్లు పారించుచున్నారో చూచి గాని కదలలేదు. మనుమరాలు చేయిపట్టి లాగుచుండెను. పిల్లకు నడక కుదిరి, అవ్వకు మోకాళ్లు సాగుచుండు ఏండ్లు ఏ యింటనైనను కొన్నియే. ఆలస్యముగా పూనుకొన్నచో సీట్లు రెండిచ్చట, రెండచ్చట దొరకును. అప్పుడు “నన్ను విడిచి మీరు పోయి రండు” అను మొదటి మాట అవ్వ నోటనే వచ్చును. ముందుగా రిజర్వు చేయుటవలని ముఖ్యప్రయోజనము ఆ మాట రాకుండుటయే యని మా తలంపు. ధర తగ్గుట తరువాతి సంగతి.

కాగితముల పనికిని వ్యవధి కావలెను. పెద్దల పాస్‌పోర్టు పదేండ్లు చెల్లును. పిల్లలది సాధారణముగా ఐదేండ్లే. ఐరోపానుండి మరలు దినము తరువాత మూడు మాసములైనను అది చెల్లుబాటు కావలెను. షెంగెన్ వీసాకు ప్రయాణమునకు ఆరు మాసములముందు నుండి దరఖాస్తు చేయవచ్చును. నిర్ణయమునకు సాధారణముగా 15 దినములు, కొన్ని యెడల 45 దినములు పట్టును. పండ్రెండేండ్లు నిండినవారు వ్రేలిముద్రలు ఈయవలెను.

ముందుగా సిద్ధపడుట యన్న ముందుగానే సొమ్మంతయు చెల్లించుట కాదు. వీసా చేతికి వచ్చువఱకు, రద్దు చేసికొన్నచో సొమ్ము తిరిగి వచ్చు బసనే కుదుర్చుకొనుడు. టిక్కెట్టు నిబంధనలు చదువక కొనకుడు. ఇంట వృద్ధులున్నచో వైద్యుని సలహా పొందుడు.

సోదరీమణులారా! అక్టోబరులో ఆ తోటమాలులు దుంపలు నాట మొదలిడుదురు. మనకు దసరా సెలవులు తఱచుగా నా నెలలోనే వచ్చును. బిడ్డల పాస్‌పోర్టులు పెట్టెనుండి తీసి, వానిపై తేదీలు చూచుటకు అదియే తగిన సమయము.