సౌమ్యక్క ఆటను ఎట్ల తూకం వేయాలె?

ఈసారి మన గోడపత్రికలో ఆటల పేజీ నాకు ఇచ్చిన్రు. నేను క్రికెట్ గురించి రాస్తనని చాలామంది అనుకుంటున్నరు. కాని నేను ఫుట్‌బాల్ ఆడే గుగులోతు సౌమ్య గురించి రాస్తున్న.

సౌమ్య 2001 ఆగస్టు 18న పుట్టింది. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా పిల్ల. ఆమె మిడ్‌ఫీల్డర్. అంటే గోల్ దగ్గర కాపలా కాయదు, ముందట నిలబడి బంతి కోసం ఎదురు చూడదు. నడుమ ఆడే మనిషి. ఎక్కువగా పక్క గీత వెంబడి ఉరుకుతది. గోకులం కేరళ క్లబ్బుకు ఆడినంక, 2022లో యూరప్‌లోని క్రొయేషియా దేశం పోయింది. ఆ దేశ రాజధాని జాగ్రెబ్. అక్కడి డైనమో జాగ్రెబ్ క్లబ్బు ఆమెను, మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌ను తీసుకున్నది. అప్పుడు సౌమ్యక్కకు 21 ఏండ్లు. ఆమెది తండా, మాది గూడెం. అయినా ఆ వార్త చదివినప్పుడు మా ఇంటి మనిషే పోయినట్టు అనిపించింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన హాస్టల్‌లో స్టడీ అవర్ అయినంక ఈ ముచ్చట వస్తే కొందరు ఒకటే మాట అంటున్నరు. "పోయింది, వాపస్ వచ్చింది. అందులో గొప్పేముంది?" అని. ఈ మాట నాకు నచ్చలేదు. అందుకే ఆమె ఆటను నాకు తెలిసినంత వరకు తూకం వేసి చూద్దామని ఈ వ్యాసం రాస్తున్న.

మొదటిది గోల్స్ లెక్క. క్రొయేషియాలో హ్యాట్రిక్ కొట్టి, అంటే ఒకే ఆటలో మూడు గోల్స్ కొట్టి, పేరు తెచ్చుకున్నది జ్యోతి. సౌమ్యక్కకు అక్కడ అంత పేరు రాలేదు. ఇది దాచేది కాదు. డైనమోలో నాలుగైదు ఏండ్లు నిలదొక్కుకుని ఆడి ఉంటే ఇంకా బాగుండేదని నాకు కూడ అనిపిస్తది. కాని నడుమ ఆడేవాళ్లను గోల్స్ ఒక్కటే పెట్టి తూచవచ్చునా? డైనమో క్లబ్బులోనే ఎదిగిన లూకా మోడ్రిచ్ కూడ మిడ్‌ఫీల్డరే. 2018 ప్రపంచ కప్‌లో క్రొయేషియా ఫైనల్ దాకా పోయింది. ఆ పోటీలన్నిట్ల ఉత్తమ ఆటగాడిగా అతనికే బంగారు బంతి ఇచ్చిన్రు. అతను కొట్టిన గోల్స్ 2 మాత్రమే. అంటే తెలిసినవాళ్లు వేరే లెక్క చూస్తరన్న మాట.

ఆ లెక్క ఏందో మన గ్రౌండ్ మీదనే చూడొచ్చు. యాపచెట్టు దిక్కు ఆడే పిల్ల పదిసార్లు గీత వెంబడి ఉరికితే, బంతి ఆమెకు రెండుసార్లు దొరుకుతది. మిగిలిన ఎనిమిదిసార్లు ఉరుకుడు వట్టిగ పోయినట్టేనా? కాదు. ఆమె వెంట అవతలి జట్టు పిల్ల కూడ ఉరుకుతది. అప్పుడు నడుమ జాగ ఖాళీ అయితది. ఆ ఖాళీలకెళ్లి ఇంకొకరు పోయి గోల్ కొడుతరు. బోర్డు మీద గోల్ కొట్టిన పిల్ల పేరే రాస్తరు. ఉరికిన పిల్ల పేరు ఎవరూ రాయరు. కాబట్టి మిడ్‌ఫీల్డర్‌ను చూడాలంటే బంతి ఉన్న కాడ కాదు, బంతి లేని కాడ చూడాలె.

రెండవది కాలం లెక్క. కొత్త దేశం, కొత్త భాష, మంచు పడే చలి. నేను ఐదో తరగతిలో హాస్టల్‌కు వచ్చినప్పుడు మా ఇంట్ల కోయ మాట, బడిలో తెలుగు, పుస్తకాలల్ల ఇంగ్లీషు. మూడు నెలలు తరగతిలో నేను నోరు తెరవలేదు. మా గూడెం ఇక్కడికి రెండు బస్సుల దూరమే. ఆ మూడు నెలలు చూసి ఎవరైనా నాకు చివరి మార్కులు వేసి పంపిస్తే నేను ఈ రోజు ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. సౌమ్యక్క పోయింది రెండు బస్సుల దూరం కాదు, ఇంకో ఖండం. ఒక మనిషి కొత్త జాగలో గడిపిన కొద్ది కాలాన్ని చూసి మొత్తం ఆటకు మార్కులు వేయడం న్యాయం కాదు. మణిపూర్‌కు చెందిన బాలాదేవి 2020లో స్కాట్లాండ్‌లోని రేంజర్స్ క్లబ్బుకు పోయింది. ఆమె కూడ తిరిగొచ్చి మన దేశంలో ఆడింది. ఆమెను ఎవరూ ఓడిపోయింది అనలేదు.

మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది. తిరిగొచ్చినంక ఏం చేసింది? సౌమ్యక్క మళ్లీ గోకులంకు ఆడి, తర్వాత కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు పోయింది. చాలా ఏండ్ల కింద మన సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఆడిన క్లబ్బు అదే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టిన బలరాం ఆయనే. 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్‌లో సౌమ్యక్క 9 గోల్స్ కొట్టింది. 2025 ఏప్రిల్‌లో అంతకు ముందటి ఏడు గెలిచిన ఒడిషా జట్టుతో ఆట. ఈస్ట్ బెంగాల్ 1-0తో గెలిచింది. ఆ ఒక్క గోల్ కొట్టింది సౌమ్యక్కనే. దాంతోనే ఈస్ట్ బెంగాల్ మొదటిసారి లీగ్ విజేత అయ్యింది. ఆ ఏడే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నుకున్నది.

2025 జూన్‌లో థాయిలాండ్‌లో ఆసియా కప్ అర్హత పోటీలు జరిగినయి. మంగోలియా మీద ఇండియా 13-0తో గెలిచింది. అందులో సౌమ్యక్కవి 2 గోల్స్. జులై 5న థాయిలాండ్‌ను 2-1తో ఓడించి, మన జట్టు 2026 ఆసియా కప్‌కు అర్హత సంపాదించింది.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు అంటరు. సౌమ్యక్క ముందు రచ్చకు పోయి, అక్కడ చూసింది నేర్చుకుని, ఇంటికొచ్చి గెలిచింది. ఇది ఓటమి ఎట్ల అయితది? నా తూకం ప్రకారం, క్రొయేషియా ఆమెకు పంట కాదు, దుక్కి. దుక్కి దున్నిన రోజున గింజలు లెక్కపెట్టరు గదా.

ఇంత పొడుగు ఎందుకు రాసిన్నంటే ఒక కారణం ఉన్నది. మన హాస్టల్‌లోనే ఒకామె ఉన్నది. పేరు రాయను, అందరికీ తెలుసు. రెండేండ్ల కింద ఒక క్రీడా పాఠశాలకు ఎంపికై పోయింది. ఎనిమిది నెలలకు తిరిగొచ్చింది. ఎందుకు వచ్చిందో ఆమెకు తెలుసు, మనకు తెల్వది. అప్పటి నుంచి కొందరు ఆమెను పేరు పెట్టి పిలుస్తలేరు. "వాపస్" అని పిలుస్తున్నరు. మెస్సు లైన్‌ల కూడ అదే పిలుపు. ఆమె గ్రౌండ్‌కు రావడం మానేసింది. సాయంత్రం ఆట టైంల బట్టలు ఉతుక్కుంటూ నల్లా కాడ కూసుంటున్నది. కాని రెండు కాళ్లతోని బంతి ఇయ్యగలిగిన పిల్ల మన స్కూల్‌ల ఆమె ఒక్కతే.

మనమందరం ఎక్కడి నుంచో పోయి వచ్చేవాళ్లమే. దసరాకు, సంక్రాంతికి ఊరికి పోతే "ఇంక చదువు చాలు, ఉండిపో" అని అడుగుతరు. రేపు పదో తరగతి అయినంక మనం ఏ ఊరికో, ఏ కాలేజికో పోతం. కొందరం ఉంటం, కొందరం తిరిగొస్తం. వచ్చినవాళ్లకు ఇట్లాంటి పేర్లు పెడితే, పోవుడంటేనే అందరికీ భయం పట్టుకుంటది.

కనుక నా తోటి విద్యార్థినులకు నా మనవి ఏమిటంటే, ఆ పిలుపు ఇక ఆపండి. వార్డెన్ మేడం గారికి మనవి, స్టోర్‌ రూంలో ఉన్న ఫుట్‌బాల్‌కు గాలి కొట్టించి ఆదివారం మాకు ఇప్పించగలరు. సాయంత్రం 5 గంటలకు ఆడుతం. పది మందిమి ఉన్నం. నడుమ ఒక జాగ ఖాళీగ ఉన్నది. ఆ జాగ ఎవరిదో ఆమెకు తెలుసు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని,
చిట్యాల