కిటికీ మూసి పెంగ్విన్‌ని తెచ్చుకున్నాక...

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. నా పాత ల్యాప్‌టాప్‌లో టీపీఎం 2.0 లేదు, కాబట్టి విండోస్ 11 ఎక్కదు. శుభ్రంగా నడిచే యంత్రాన్ని పారేయడానికి మనసొప్పలేదు. (పిసినారితనం అంటుంది మా ఆవిడ. నిజమే కావచ్చు.)

బహ్రెయిన్‌లో శుక్ర, శనివారాలు సెలవు కదా... ఓ శుక్రవారం పొద్దున్నే మనామాలో ఇంట్లో కూర్చుని ఉబుంటు ఎక్కించేశా. వైఫై, ప్రింటరూ అడక్కుండానే పలికాయి. ఐబస్‌లో ఆర్టీయెస్ పెట్టుకున్నా, తెలుగూ వచ్చేసింది. భలే!

అప్పుడు నాన్నగారి ఫోల్డర్ తెరిచా. పోయేముందు ఆయన రాసుకున్న మా ఊరి కబుర్లు, నలభై పేజీలు. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలూ, పిచ్చి గుర్తులూ! ఆయన టైపు చేసింది అను ఫాంట్లలో. అది యూనికోడ్ కాదు. ఫైల్లో ఉండేవి లాటిన్ అక్షరాల సంకేతాలే, వాటికి తెలుగు బొమ్మ తొడిగేది ఫాంటు. ఫైళ్ళు దాచుకున్నాను గానీ ఫాంట్లు దాచలేదు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసిన మొహం నాది!

అమ్మకి ఫోన్ చేశా. "మీ నాన్న ఎప్పుడో ప్రింటు తీయించారురా, బీరువాలో ఉంది" అంది.

ఇప్పుడు ప్రతి శుక్రవారం అమ్మ రెండు పేజీలు ఫోటో తీసి పంపుతుంది, నేను యూనికోడ్‌లో కొడుతున్నా. ఏడో పేజీలో, చెరువుగట్టు దగ్గర ఉన్నాను.