మింగళ తౌంగ్‌న్యున్‌లో మనవాళ్ళెంతమంది?

"ఒరే, రంగంలో మనోళ్ళు ఎంతమంది మిగిలేరో కనుక్కుని రా" అన్నారు నాన్న ఫోన్లో.

అది 2017 జూన్. సింగపూర్‌లో నేను పనిచేసే కంపెనీ యాంగోన్‌లో ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ పెడుతోంది. మూడు వారాలు అక్కడుండాలి. మా ఉత్తరాంధ్ర వాళ్ళ నోట రంగూన్ ఎప్పుడూ రంగమే. తాతయ్య అక్కడ రేవులో మూటలు మోశారు. నాన్న అక్కడే, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో పుట్టారు. 1964లో పద్నాలుగేళ్ళ వయసులో ఓడెక్కి విశాఖపట్నంలో దిగారు. అప్పటికే నె విన్ ప్రభుత్వం కొట్లన్నీ జాతీయం చేసేసింది. యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవంది. తాతయ్య చేతిలో మిగిలింది ఒక ట్రంకుపెట్టె.

నేను కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాణ్ణి. ఎవరైనా "ఎంతమంది?" అనడిగితే మనుషుల్ని కాదు, ముందు డేటాని వెతుకుతాను. 2014 జనాభా లెక్కలు దొరికాయి. మింగళ తౌంగ్‌న్యున్ ఐదు చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. అందులో 1,32,494 మంది! ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు, ఇంటికెందరు, అన్నీ ఉన్నాయి. ఏ జాతి వాళ్ళెందరన్నది మాత్రం లేదు. అడిగారు, రాసుకున్నారు, గొడవలొస్తాయని బయటపెట్టలేదు. పైగా ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల్లో మనం లేనే లేము.

తెల్లవాళ్ళు మాత్రం 1931లో మనకో గడి కేటాయించారు. బర్మా మొత్తంలో లక్షన్నరకు పైగా తెలుగువాళ్ళు. రంగూన్‌లో అప్పటి నాలుగు లక్షల జనంలో సగానికి పైగా భారతీయులే. తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవారు. కాకినాడ పక్కన కోరంగి రేవు 1839 తుపానులో దెబ్బతింది గానీ, దాని పేరు సముద్రం దాటి మన కూలీలకి అతుక్కుపోయింది. 1930 మేలో రేవు సమ్మె దగ్గర మొదలైన గొడవల్లో వందమందికి పైగా చనిపోయారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ కోరంగీలే.

నాన్న చెప్పిన వాటిల్లో నేను నమ్మనిది వాన. "ఐదు నెలలు గొడుగు ముడిచేది లేదురా" అనేవారు. పెద్దవాళ్ళ కోతలనుకునేవాణ్ణి. లెక్క చూస్తే, యాంగోన్‌లో ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్లు. దాదాపు అంతా మే నుంచి అక్టోబరు లోపే. విశాఖలో ఏడాదంతా కురిసే వాన ఇక్కడ జూలై, ఆగస్టు రెండు నెలల్లోనే కురిసేస్తుంది. నాన్న కోత కొయ్యలేదన్నమాట.

ఆదివారం ఆ వానలోనే బయల్దేరాను. కందౌజీ చెరువు దాటి పేటలోకి వెళ్తే, నాచు పట్టిన ఇరుకు మేడలు. బాల్కనీల్లో ఆరని లుంగీలు. వీధి చివర మసీదు. సందులో నీళ్ళు పాదాలు మునిగేదాకా ఉన్నాయి. నాన్న చెప్పిన ఇంటి గుర్తులు ఒక్కటీ లేవు. టీకొట్టులో తల తుడుచుకుంటూ ఆయనకి ఫోన్ చేసి, "దొరకలేదు నాన్నా" అంటున్నాను.

పక్క బల్ల దగ్గర, చెంపలకి తనఖా పూసుకున్న ఓ ముసలావిడ తలెత్తింది.

"మీదే ఊరు బాబూ?"

ఫోన్ చేతిలోనే ఉండిపోయింది. శ్రీకాకుళం యాస. ఆవిడ శ్రీకాకుళం ఎప్పుడూ చూడలేదట. పక్కన కూర్చుని, అలవాటు కొద్దీ పుస్తకం తీసి పేరు అడిగాను. ఆవిడ ముఖం మారిపోయింది.

"రాయొద్దు బాబూ. నా కార్డు మీద ఇండియా, బర్మా రెండూ రాసేరు. దానికోసం ఎన్ని ఆఫీసులు తిరిగేనో! మనవలికి బర్మా అనొకటే ఉంది. ఆళ్ళకి మన మాట రాదు. నానూ నేర్పనేదు. కోరంగోళ్ళమని ఆళ్ళకి తెలీకపోతేనే మంచిది."

పుస్తకం జేబులో పెట్టేశాను. ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో అప్పటిదాకా నాకు ప్రభుత్వం వైపు నుంచే తెలుసు. కనపడకుండా ఉంటే చాలనుకునే మనుషులుంటారని ఏ టేబుల్లోనూ కనిపించదు కదా. 1982 పౌరసత్వ చట్టం గురించి చదివి ఉన్నాను. ఆవిడ తిరిగిన ఆఫీసులు అందులో లేవు. నా టీ డబ్బులు కూడా ఆవిడే ఇచ్చింది, వద్దన్నా వినకుండా.

ఆ రాత్రి నాన్నకి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "నేను మాత్రం బళ్ళో చెప్పేనేట్రా? బర్మా క్యాంపోళ్ళమని తెలిస్తే నవ్వుతారని, కంచరపాలెం అని చెప్పీవోణ్ణి."

ఈ మాట ఆయన నాతో అనడం అదే మొదటిసారి.

నాన్న 2020లో పోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సైన్యం అధికారం తీసుకుంది. మా ప్రాజెక్టు ఆగిపోయింది. నేను మళ్ళీ వెళ్ళలేదు. 2024లో మళ్ళీ జనాభా లెక్కలు తీశారు. యుద్ధం వల్ల చాలా చోట్లకి వెళ్ళలేక, దేశంలో సుమారు 1.9 కోట్లమందిని అంచనా వేసి కలిపారు. యాంగోన్‌లో ఆవిడ తలుపు తట్టే ఉంటారు. ఏం చెప్పిందో ఊహించగలను.

ఆవిడని జాలిగా తలుచుకునే అర్హత నాకుందా అని ఈమధ్య అనుమానం. మా అమ్మాయి బడి ఫారంలో మాతృభాష అనే గడి ఉంది. సింగపూర్ బళ్ళలో తమిళం, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. నేను హిందీ అని రాసి సంతకం పెట్టాను. మమ్మల్ని ఎవరూ తరమలేదు, ఏ ఆఫీసుల చుట్టూ తిప్పలేదు. ఇంట్లో నేర్పుకోవచ్చు, ఎవరూ కాదనరు. తీరికే లేదంతే.

పోయిన వారం మా అమ్మాయిని ఊరికే అడిగాను. "మీదే ఊరమ్మా?"

"వాట్, డాడీ?" అంది.